ఉప్పు మోయడానికి ఊపిరి ఖర్చు

ఆరోగ్యంగా ఉన్న మనిషి కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగడతాయి. ఆ ద్రవంలో లీటరుకు 140 మిల్లీమోళ్ల (మోల్ అంటే అణువులను, అయాన్లను లెక్కబెట్టే కొలత) చొప్పున సోడియం ఉంటుంది. దాన్నంతా వంటింటి ఉప్పుగా లెక్కగడితే దాదాపు ఒకటిన్నర కిలో. మూత్రంలో బయటికి పోయేది మాత్రం కొన్ని గ్రాములే, కూరల్లోనూ పచ్చళ్లలోనూ ఆ రోజు తిన్నదానికి సరిపడా. మిగతాదంతా కిడ్నీలోని నాళికల (వడగట్టిన ద్రవం పారే సన్నటి గొట్టాల) గోడలు దాటి మళ్లీ రక్తంలో కలుస్తుంది. మనిషి నిద్రపోతున్నా ఈ పని ఆగదు.

ఇది ఊరికే జరిగే పని కాదు. సోడియం అయాను, అంటే ధనావేశం ఉన్న సోడియం పరమాణువు, కణంలోకి సులువుగా జారిపోతుంది. దాన్ని తిరిగి బయటికి నెట్టడం మాత్రం మూటను మెట్లెక్కించడం లాంటిది. ఆ మోతకు కూలి ఏటీపీ రూపంలో, అంటే కణాలు శక్తి కోసం విరిచి వాడుకునే అణువు రూపంలో ముడుతుంది. ఏటీపీ తయారీకి ఆక్సిజన్ కావాలి. అలాంటప్పుడు ఒక్క ఆక్సిజన్ అణువు ఖర్చుతో ఎన్ని సోడియం అయాన్లను మోయించవచ్చు? జంతు శరీరంలో ఇదొక ధర లాంటిది. కొన్ని కణజాలాలు ఆ ధర పూర్తిగా చెల్లిస్తాయి, కొన్ని బేరమాడి తగ్గించుకుంటాయి. ధర ఎంతో మొదట తెలిసింది కప్ప తోలు దగ్గర.

కప్ప మంచినీళ్లలో బతుకుతుంది. ఆ నీళ్లలో ఉప్పు లేనట్టే, కప్ప రక్తంలో బోలెడంత. కాబట్టి నీరు తోలు గుండా లోపలికి ఊరుతూ ఉంటుంది, ఉప్పు ఒంట్లోంచి పోతూ ఉంటుంది. ఆ లోటును కప్ప తన తోలుతోనే పూడ్చుకుంటుందని, చాలా పలచటి ఉప్పునీటి నుంచి కూడా ఉప్పును లాక్కోగలదని డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ 1937లో చూపించాడు. కప్ప తోలుకు రెండు వైపుల మధ్య విద్యుత్ తేడా ఉంటుందన్న సంగతి అంతకు చాలా ముందే, 1848లోనే, జర్మనీలో డు బోయి-రేమండ్ గమనించాడు. ఈ రెంటినీ ముడివేసింది కోపెన్‌హేగన్‌లో పనిచేసిన హాన్స్ ఉస్సింగ్.

ఉస్సింగ్ చేసిన ఏర్పాటు చాలా మామూలుది. కప్ప తోలు ముక్కను రెండు చిన్న గదుల మధ్య తెరలా బిగించాడు. రెండు గదుల్లోనూ ఒకే ఉప్పునీరు పోశాడు. తోలుకు అటూ ఇటూ పుట్టే వోల్టేజీని బయటి నుంచి కరెంటు ఇచ్చి సున్నాకు తెచ్చాడు. ఇప్పుడు గాఢతలో తేడా లేదు, వోల్టేజీలోనూ తేడా లేదు. ఏ అయానూ పనిగట్టుకుని ఒక వైపుకే పోవడానికి కారణం కనబడదు. అయినా కరెంటు గంటల తరబడి పారుతూనే ఉంది. రేడియోధార్మిక సోడియంతో కొలిచి చూస్తే, ఆ కరెంటు మొత్తం తోలు బయటి వైపు నుంచి లోపలి వైపుకు పోయే సోడియానికి సరిగ్గా సరిపోయింది. జెరాన్ అనే సహచరుడితో కలిసి ఆయన ఈ ఫలితాన్ని 1951లో ప్రచురించాడు. సోడియాన్ని బతికున్న తోలే మోస్తోంది అనడానికి అంతకంటే సూటిగా రుజువు చూపడం కష్టం.

జెరాన్ అక్కడితో ఆగలేదు. అదే తోలు ఎంత ఆక్సిజన్ వాడుకుంటోందో కొలిచి 1956లో ప్రకటించాడు. సోడియం ప్రవాహం పెరిగితే ఆక్సిజన్ వాడకం పెరిగింది, తగ్గితే అదీ తగ్గింది. సోడియం కోసం అదనంగా ఖర్చయిన ఒక్కో ఆక్సిజన్ అణువుకు కదిలిన అయాన్లు అటూ ఇటూగా 18. మరుసటి ఏడాది అమెరికాలో లీఫ్, రెన్‌షా చేసిన కొలతల్లోనూ ఇంచుమించు ఇదే అంకె వచ్చింది.

ఎందుకు 18? అప్పటికి ఎవరి దగ్గరా జవాబు లేదు, మోసే కూలీ ఎవరో తెలియదు కాబట్టి.

ఆ కూలీ 1957లో ఒక పీత కాలి నరంలో దొరికాడు. డెన్మార్క్‌లోనే ఆర్హుస్ నగరంలో యెన్స్ స్కౌ అనే వైద్యుడు మత్తుమందులు నరాల మీద ఎలా పనిచేస్తాయో చూస్తూ, పీత నరాలను నూరి తీసిన పదార్థంలో ఏటీపీని విరగ్గొట్టే ఎంజైమును గమనించాడు. దానికొక వింత అలవాటు. సోడియం, పొటాషియం రెండూ ఉంటేనే అది పూర్తి జోరుగా పనిచేస్తుంది. అదే సోడియం–పొటాషియం పంపు. ఒక్క ఏటీపీని విరిచి 3 సోడియం అయాన్లను కణం బయటికి పంపుతుంది, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. కణంలో ఒక మోల్ ఏటీపీ విరిగితే చేతికొచ్చే శక్తి 50 నుంచి 60 కిలోజౌళ్లు. ఈ అయిదు అయాన్లను ఎదురెక్కించడానికి పట్టే పని సుమారు 45 కిలోజౌళ్లు. అంటే వృథా అయ్యేది కొంచెమే.

ఈ కథలో ఒక తెలుగువాడు కూడా ఉన్నాడు. ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమాన్, అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. ఏటీపీని కనుగొనడానికి నాలుగేళ్ల ముందే, 1925లో, ఫిస్కేతో కలిసి ఆయన ఫాస్ఫేటును నీలం రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని ప్రచురించారు. పంపు ఏటీపీని విరిచిన ప్రతిసారీ ఒక ఫాస్ఫేటు విడుదలవుతుంది. అందుకే ఏటీపీని విరిచే ఎంజైముల మీద పనిచేసిన ప్రయోగశాలల్లో ఫిస్కే–సుబ్బారావు పద్ధతి దశాబ్దాల పాటు నిత్యావసరంగా ఉండిపోయింది. సుబ్బారావు పేరు చెప్పగానే మనకు మందులు గుర్తుకొస్తాయి గానీ, ఈ నీలం రంగు చేసిన మేలూ తక్కువేం కాదు.

ఇక 18 సంగతి. ఒక్క ఆక్సిజన్ అణువును వాడుకుని కణం 6 ఏటీపీలు తయారుచేస్తుందని అప్పట్లో లెక్క. ఒక్కో ఏటీపీకి 3 సోడియం అయాన్లు. ఆరు మూళ్లు పద్దెనిమిది. తోలు ముక్క మీద తీసిన కొలతా, ఒక్క ప్రోటీన్ అణువు లెక్కా ఒకే అంకె దగ్గర కలిశాయి. ఇంత ముచ్చటగా కుదరడంలో కొంత అదృష్టం కూడా ఉందని ఒప్పుకోవాలి. ఇప్పటి లెక్క ప్రకారం ఆక్సిజన్ అణువుకు వచ్చే ఏటీపీలు 5కు దగ్గర, కాబట్టి పుస్తకం ధర 15. జీవుల్లో తీసే కొలతలకు ఈ మాత్రం తేడా పెద్దది కాదు. ధర ఎక్కడ తేలుతుందో దీంతో స్పష్టమైంది.

ఏటీపీని తయారుచేసే చోటు, అంటే మైటోకాండ్రియా లోపల, జరిగేది కూడా అయాన్ల రవాణాయే. తిండి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలో మెట్టు మెట్టుగా దిగి చివరికి ఆక్సిజన్‌ను చేరతాయి. దిగుతున్నప్పుడు విడుదలయ్యే శక్తితో ప్రోటాన్లు పొర అవతలికి తోడబడతాయి. పొరకు అటూ ఇటూ 150 నుంచి 180 మిల్లీవోల్టుల తేడా నిలుస్తుంది. ఆ ప్రోటాన్లు తిరిగి లోపలికి వచ్చేటప్పుడు ఏటీపీ సింథేజ్ అనే చక్రాన్ని తిప్పుతాయి, చక్రం ఏటీపీని తయారుచేస్తుంది. పీటర్ మిచెల్ 1961లో ఈ మాట అన్నప్పుడు చాలామంది నమ్మలేదు. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆవు మైటోకాండ్రియాలో ఆ చక్రం ఒక చుట్టు తిరగడానికి 8 ప్రోటాన్లు పడతాయి, చుట్టుకు 3 ఏటీపీలు వస్తాయి. ఫాస్ఫేటును లోపలికి తేవడానికి ఏటీపీకి మరో ప్రోటాన్ ఖర్చు. ఏటీపీల లెక్క 6 నుంచి 5కు దిగడంలో ఈ చిల్లర ఖర్చుల పాత్ర ఉంది.

దీన్ని జలవిద్యుత్తుతో ఎత్తిపోతల మోటార్లు నడపడంతో పోల్చవచ్చు. ఒకచోట నీరు పల్లానికి దూకి కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు మరోచోట నీటిని మిట్టకు ఎక్కిస్తుంది. కణంలో దూకేది ప్రోటాను, ఎక్కేది సోడియం, మధ్యలో తీగల మీద పోయే కరెంటు ఏటీపీ. పోలిక ఇంకో అడుగు కూడా వస్తుంది. శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలోని యూనిట్లు అవసరమైతే నీటిని వెనక్కి తోడగలవు. ఆక్సిజన్ అందనప్పుడు ఏటీపీ సింథేజ్ కూడా అలాగే వెనక్కి తిరిగి, ఉన్న ఏటీపీని కాస్తా విరగ్గొట్టి ప్రోటాన్లను తోడటం మొదలుపెడుతుంది. దాన్ని ఆపడానికి కణంలో ప్రత్యేకంగా ఒక చిన్న ప్రోటీన్ ఉంది. తయారీ యంత్రం మీద పనిచేసిన పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు సగం, ఖర్చుపెట్టే యంత్రాన్ని కనుగొన్న స్కౌకు సగం చొప్పున 1997 రసాయన నోబెల్‌ను పంచారు. కమిటీ ఉద్దేశం ఏదైనా, రెంటినీ ఒకే పళ్లెంలో పెట్టడం సబబుగానే ఉంది.

మోత పెరిగితే తయారీ పెరగాలని చెప్పడానికి వేరే మనిషి అక్కర్లేదు. పంపు ఏటీపీని విరిచినప్పుడు మిగిలే ఏడీపీయే మైటోకాండ్రియాకు కబురు. ఏడీపీ వస్తే చక్రం తిరుగుతుంది, ప్రోటాన్లు లోపలికి దిగుతాయి, వాటిని మళ్లీ తోడటానికి ఆక్సిజన్ ఖర్చవుతుంది. ఉప్పు ఎక్కువగా మోసే కణాలను మైక్రోస్కోపులో చూడగానే గుర్తుపట్టవచ్చు. రక్తం వైపున్న పొర మడతలు మడతలుగా లోపలికి చొచ్చుకుపోయి ఉంటుంది, మడత మడతకూ మైటోకాండ్రియా దూరి ఉంటాయి. కొట్టూ గోడౌనూ ఒకే గోడకు ఆనుకుని ఉన్నట్టు. ఎర్ర రక్తకణం మాత్రం దీనికి మినహాయింపు. దానికి మైటోకాండ్రియాలే లేవు, గ్లూకోజును సగంలో విరిచి వచ్చే కొద్దిపాటి ఏటీపీతోనే తన పంపులను 120 రోజులు నడుపుకుంటుంది.

మళ్లీ కిడ్నీ దగ్గరికి వద్దాం. శరీర బరువులో అర శాతం కూడా లేని ఈ జంటకు గుండె పంపే రక్తంలో ఐదో వంతు పైనే వెళుతుంది. శరీరం విశ్రాంతిలో వాడే ఆక్సిజన్‌లో 7 నుంచి 10 శాతం ఇవే వాడతాయి. అందులో పెద్ద వాటా సోడియం మోతకే. రక్తం వడపోత తగ్గితే కిడ్నీ ఆక్సిజన్ వాడకం కూడా దాంతోపాటే తగ్గుతుంది. గుండెకో కండరానికో రక్తం ఎక్కువ వస్తే పని తేలికవుతుంది. కిడ్నీకి రక్తం ఎక్కువ వస్తే మోయాల్సిన ఉప్పు పెరుగుతుంది.

విచిత్రం ఏమిటంటే, కిడ్నీలో ఒక్కో ఆక్సిజన్ అణువుకు తిరిగొచ్చే సోడియం 18 కాదు, 25 నుంచి 30 దాకా ఉంటుంది. పంపు మారలేదు, అదే 3కు 1. మరి ఎక్కువ సరుకు ఎలా వస్తోంది? కొంత సోడియం పంపు దాకా రాకుండానే, కణానికీ కణానికీ మధ్య ఉన్న సందుల గుండా దాటిపోతోంది. నాళిక మొదటి భాగంలో పంపులు కొంత సోడియాన్ని, బైకార్బొనేటును మోసేసరికి నీరు వాటి వెంట వెళ్తుంది, మిగిలిన ద్రవంలో క్లోరైడు చిక్కబడుతుంది. ఆ చిక్కదనమే క్లోరైడును సందుల్లోంచి నెడుతుంది, సోడియం దాని వెనకాలే పోతుంది. ఈ సందులను తెరిచి ఉంచే ప్రోటీన్లలో క్లాడిన్-2 ఒకటి. అది లేని ఎలుకల కిడ్నీలు అదే పనికి ఎక్కువ ఆక్సిజన్ ఖర్చు పెడుతున్నాయని 2016లో తేలింది.

అసలు గడుసుతనం హెన్లీ శిక్యం, అంటే నాళిక కిడ్నీ లోపలికి దిగి మళ్లీ పైకి తిరిగే వంపు, పైకి ఎక్కే మందమైన భాగంలో కనిపిస్తుంది. అక్కడ నాళిక వైపున్న ద్వారం ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడులను కలిపి లోపలికి తెస్తుంది. పొటాషియం మాత్రం వెంటనే మళ్లీ నాళికలోకి జారిపోతుంది. దాంతో నాళిక వైపు ధనావేశం మిగులుతుంది. ఆ ఆవేశం సోడియాన్ని సందుల గుండా రక్తం వైపు తరుముతుంది. లెక్క చూస్తే పంపు మోసిన ప్రతి 3 సోడియంలకూ ఇంకో 3 ఉచితంగా వెళ్తాయి. ఒక్క ఏటీపీకి 6. కప్ప తోలు చెల్లించే ధరలో సగం.

ఈ పొదుపు ఊరికే పుట్టలేదేమో అనిపిస్తుంది. మూత్రాన్ని చిక్కబరచడానికి కిడ్నీ లోపలి భాగాన్ని ఉప్పుగా ఉంచాలి, ఉప్పు కొట్టుకుపోకుండా అక్కడ రక్తాన్ని తక్కువగా పారించాలి. రక్తం తక్కువంటే ఆక్సిజన్ తక్కువ. కిడ్నీ పై భాగంలో ఆక్సిజన్ పీడనం 50 మిల్లీమీటర్ల దాకా ఉంటే, లోపల 10 నుంచి 20. చుట్టూ ఇంత రక్తం పారుతున్నా లోపలి కణాలు ఎప్పుడూ అంచునే బతుకుతాయి. రక్తపోటు బాగా పడిపోయినప్పుడు కిడ్నీలు త్వరగా దెబ్బతినడానికి ఇదొక ముఖ్య కారణం. ఒళ్లు వాచినవాళ్లకు ఇచ్చే ఫ్యూరోసెమైడ్ మూసేది పైన చెప్పిన ద్వారాన్నే. దాన్ని ఇస్తే ఆ భాగంలో ఆక్సిజన్ పీడనం పెరుగుతుంది, మోత ఆగినందుకు. అలాగని ఆ మందు కిడ్నీని కాపాడుతుందనుకుంటే పొరపాటు. ఆ ఆశతో చేసిన పరీక్షలు ఫలించలేదు.

పేగు మరో దారి పట్టింది. అక్కడ సోడియం ఒంటరిగా కాక గ్లూకోజుతో జంటగా లోపలికి వస్తుంది, రెండు సోడియంలకు ఒక గ్లూకోజు. రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన సమావేశంలో ఈ ఆలోచనను బయటపెట్టాడు. ఆ రెండు సోడియంలను తర్వాత రక్తం వైపుకు పంపడానికి ముప్పాతిక ఏటీపీ కూడా పట్టదు. లోపలికి వచ్చిన గ్లూకోజును పూర్తిగా కాల్చితే 30 ఏటీపీల దాకా వస్తాయి. కలరా వచ్చినా ఈ జంట దారి మూసుకుపోదు, ఓఆర్ఎస్ పనిచేసేది అందుకే. ఇప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు సోడియం 75, గ్లూకోజు 75 మిల్లీమోళ్లు. ఎండాకాలంలో ఇంట్లో కలిపేటప్పుడు రుచి కోసం పంచదార గుమ్మరించకూడదన్నది ఇందుకే, ఎక్కువైతే అది నీటిని పేగులోకే లాగుతుంది.

కలరాలో నీరు ఎదురు దిక్కులో పారుతుంది కదా, అప్పుడు పంపు తలకిందులైందా? లేదు. ఉస్సింగ్, అతని సహచరురాలు కోఫుడ్-జాన్సెన్ 1958లో కప్ప తోలుకు గీసిన బొమ్మలో దీనికి మూలం ఉంది. పంపు రక్తం వైపున్న పొరలో ఉంటుంది, బయటి వైపున్న పొరలో ద్వారాలు మాత్రమే ఉంటాయి. కొద్ది మినహాయింపులు తప్ప ఈ అమరిక జంతువులన్నిటిలో ఇంతే. ఉప్పు ఎటు పోవాలో తేల్చేది ద్వారాలు. కలరా విషం పేగు వైపున్న క్లోరైడు ద్వారాన్ని బార్లా తెరుస్తుంది. రక్తం వైపు పంపు కష్టపడి నిలిపిన సోడియం వాలును వాడుకుని కణంలోకి చేరిన క్లోరైడు, ఆ తలుపు గుండా పేగులోకి పోతుంది, వెంట సోడియం, నీరు. అంటే రోగి ఒంట్లోని నీటిని బయటికి తోడుతున్న శక్తి రోగి సొంత ఏటీపీయే.

ఇదే యంత్రాంగం సముద్రపు చేప మొప్పల్లో ప్రాణం నిలుపుతుంది. సముద్రంలో లీటరుకు 470 మిల్లీమోళ్ల సోడియం, చేప రక్తంలో అందులో మూడో వంతు. ఒంట్లోకి చేరే అదనపు ఉప్పును మొప్పల్లోని మైటోకాండ్రియా నిండిన కణాలు బయటికి పంపుతాయి, కలరా పేగులో తెరుచుకునే క్లోరైడు ద్వారం లాంటిదాని గుండానే. నదిలోని చేపది తిరగబడ్డ సమస్య, ఉప్పును లోపలికి లాక్కోవాలి. రెండూ చేయాల్సిన చేపను గోదావరి జిల్లాల వాళ్లకు పరిచయం చేయక్కర్లేదు. సముద్రంలో విలస, వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వస్తే పులస. పుస్తెలమ్మి కొనుక్కునేవాళ్లు చూసేది రుచినే గానీ, అది తినే పళ్లెంలోకి రాకముందు మొప్పల్లోని ద్వారాలను మార్చుకుని వచ్చింది. పంపులు రెండు చోట్లా ఉన్న వైపే ఉంటాయి.

మొప్పకు ఒక ఇరకాటం ఉంది. ఆక్సిజన్ బాగా అందాలంటే మొప్ప పలచగా, వెడల్పుగా ఉండాలి. పలచగా ఉంటే ఉప్పు, నీరు కారిపోతాయి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎక్కువ నీటిని మొప్పల మీదుగా పంపాల్సి వస్తుంది, ఉప్పు సమతూకం ఇంకా చెడుతుంది. చేప మొత్తం శక్తిలో ఉప్పు మోతకు ఎంత పోతుందనే విషయంలో శాస్త్రవేత్తల మధ్య ఏకాభిప్రాయం లేదు. కొద్ది శాతమే అన్నవాళ్లూ ఉన్నారు, నాలుగో వంతు దాకా అన్నవాళ్లూ ఉన్నారు.

భారతదేశంలో 2009 నుంచి పెంచుతున్న వనామీ రొయ్య ఈ లెక్కలన్నిటినీ చెరువులోకి తెచ్చింది. దాని రక్తం ఉప్పదనం సుమారు 25 పీపీటీ (వెయ్యి భాగాల్లో 25 భాగాలు ఉప్పు) నీటితో సమానం. సెలినిటీ (ఉప్పదనం) అంతకంటే బాగా తగ్గిన చెరువుల్లో దాని మొప్పల్లోని పంపులు రాత్రింబవళ్లు ఉప్పును లోపలికి లాగాలి. బోరు నీటితో సాగుచేసే రైతులు పొటాషియం, మెగ్నీషియం మినరల్స్ చల్లేది ఇందుకే. పంపు తిరగాలంటే రక్తం వైపు పొటాషియం ఉండాలి, బోరు నీటిలో అది సోడియంతో పోలిస్తే చాలా తక్కువ. సముద్రపు నీటిలో సోడియం, పొటాషియం బరువుల నిష్పత్తి 28కి 1. చాలా చోట్ల పొటాష్ ఎరువు వేసి ఆ నిష్పత్తికి దగ్గరగా తెస్తారు. కేవలం మొత్తం సెలినిటీ చూసి సరిపోయిందనుకుంటే రొయ్య బతకదు, ఆ ఉప్పులో ఏ అయాన్లు ఎంతెంత ఉన్నాయో చూడాలి.

మిగిలింది ఆక్సిజన్. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యలతో పోటీపడి పీలుస్తుంది, తెల్లవారుజాముకు డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) అడుగంటుతుంది. గుల్ల విడిచిన రొయ్యకు అదే సమయంలో నీరు, అయాన్లు, ఆక్సిజన్ అన్నీ ఎక్కువ కావాలి, పైగా కొత్త గుల్ల ఇంకా మెత్తగా ఉంటుంది. అమావాస్యకూ పౌర్ణమికీ మోల్టింగ్ (గుల్ల విడవడం) ఎక్కువని రైతులు చెబుతారు. సుబ్బారావు పుట్టిన భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద ఆ రాత్రుళ్లు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగవు, కరెంటు పోతే నిమిషాల్లో జనరేటర్ అందుకుంటుంది.